పుచ్చు రాయి

రూప్లా నన్ను అడిగింది ఒక్క కాగితం. పదకొండో తారీఖున హుజూర్‌నగర్‌లో అతని భూమి కేసు విచారణ. ఆ లోపు నేను నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి ఇస్తే అతని మూడెకరాల మెట్ట చెల్కకు పాసుబుక్కు వచ్చే దారి దొరుకుతుంది. ఇవ్వకపోతే ఆ చెల్క ఎప్పటికీ సర్కారు ఖాతాలోనే ఉండిపోతుంది. విషయం ఇంతే. ఇంత చిన్న విషయాన్ని నేను పదహారు రోజులు నాన్చాను. ఎందుకు నాన్చానో చెప్పాలంటే ముందు నా తోట సంగతి చెప్పాలి.

నా పేరు ఆండాళు. ముప్పై నాలుగేళ్లు రెవెన్యూలో చేశాను. టైపిస్టుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. సూర్యాపేట, మిర్యాలగూడ, త్రిపురారం, మళ్లీ సూర్యాపేట, మధ్యలో పేరు చెప్పడం ఇష్టంలేని ఇంకో రెండు మండలాలు. ఎలక్షన్ డ్యూటీలు, వరద పంచనామాలు, వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర కొట్లాటలు, గట్టు జానెడు జరిగిందని తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు. ఇవన్నీ అయి కోదాడలో సొంతింటికి వచ్చి పడ్డాక కూడా జనం నన్ను వదల్లేదు. పొద్దున పళ్లు తోముకుంటుంటేనే గేటు దగ్గర ఎవరో ఒకరు పాలిథిన్ కవర్లో పాత భూమి పహాణీల నకళ్లు పట్టుకుని నిలబడేవారు. "మేడం, జర సూడుండ్రి." నాకిప్పుడు ఏ అధికారమూ లేదయ్యా అంటే నమ్మేవారు కాదు. నేను బెట్టు చేస్తున్నానని అనుకునేవారు.

అలసిపోయాను. ఆ మాట ఎవరికి చెప్పినా "పింఛను వస్తోంది కదా, ఇంకేం కావాలి" అనేవాళ్లే. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోన్లో చైనా తోటల వీడియో తగిలింది. సుజౌ అని ఒక ఊరు. అక్కడి పాత తోటల్ని కట్టింది రాజులు కాదట. రాజుల కొలువులో అర్జీలు చదివి చదివి, సంతకాలు పెట్టి పెట్టి, విసుగెత్తి ఇంటికి వచ్చేసిన చదువుకున్న ఉద్యోగులట. అంటే మా డిపార్ట్‌మెంటు వాళ్లే అన్నమాట. లేచి కూర్చుని మొదటి నుంచి మళ్లీ చూశాను. తర్వాత ఆరు నెలలపాటు అలాంటివి దొరికినన్ని చూశాను.

వాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చింది. ముందు చుట్టూ తెల్ల గోడ. ఆ గోడ కాగితం, దాని మీద పడే వెదురు నీడ రాత. లోపలికి వెళ్లడానికి పున్నమి చంద్రుడంత గుండ్రటి ద్వారం. లోపల బాట ఎక్కడా తిన్నగా పోదు. రెండడుగులు వేస్తే మలుపు, మలుపులో ఒక కిటికీ, కిటికీలోంచి తోటలో ఒక ముక్క మాత్రం కనిపిస్తుంది. తోట మొత్తం ఏ ఒక్కచోట నిలబడ్డా కనబడకూడదు, నడిచిన వాడికే కనబడాలి. నడుమ ఒక కొలను, కొలను పక్కన ముసలి రాయి, ఎదురుగా కూర్చోవడానికి చిన్న మండపం. అవతలి వాళ్ల చెట్టునో కొండనో మన గోడ మీదుగా కనబడేలా చూసుకుంటారు, దాన్ని అరువు తెచ్చుకున్న చూపు అంటారట. కిటికీ పక్కన అరటి నాటేది పళ్ల కోసం కాదు, ఆకుల మీద వాన చప్పుడు వినడం కోసం. వాన చప్పుడు వినడం కోసం ఒక చెట్టు. నాకు ఏడుపొచ్చింది.

మా ఇంటి వెనక నూట ఎనభై గజాల ఖాళీ జాగా ఉంది. అందులో రెండు షట్టర్లు వేసి కిరాయికిద్దామని మా ఆయన వెంకటేశ్వర్లు ఎప్పట్నుంచో ఆశపడుతున్నారు. నా ఆలోచన విని ఆయన టీవీ సౌండు తగ్గించారు. అది ఆయన జీవితంలో నాలుగైదు సార్లకు మించి జరగలేదు.

"నైరుతిలో చెరువా? ఈశాన్యం ఏం పాపం చేసింది?" అన్నారు.

"చైనాలో ఈశాన్యం వేరే చోట ఉంటుందిలెండి," అన్నాను. ఆయన సౌండు మళ్లీ పెంచుకున్నారు.

పనికి రూప్లాను పక్క వీధి వాళ్లు చూపించారు. యాభై దాటిన మనిషి, కృష్ణ ఒడ్డు వైపు ఒక తండా. తాపీ పని అతనిది, ఇసుక జల్లించడం, సిమెంటు మాలు కలపడం భార్య నీలాది. వాళ్లలో వాళ్లు లంబాడీలో మాట్లాడుకునేవారు, నాతో తెలుగులో. మొదటిరోజు నన్ను చూడగానే రూప్లా ఒక్క క్షణం ఆగాడు. ఏదో అనబోయి, తువ్వాలతో మొహం తుడుచుకుని, "పనేందో సెప్పుండ్రి మేడం," అన్నాడు. నేనది పట్టించుకోలేదు. నన్ను చూసి ఆగే మొహాలు ముప్పై నాలుగేళ్లు చూశాను.

ఫోన్లో గుండ్రటి ద్వారం చూపించాను. అతను ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తలుపు యాడ వెడ్తరు మేడం?"

"తలుపు ఉండదు."

"తలుపు లేకుంటె ఇగ గోడెందుకు?"

"బొమ్మలో ఎట్లా ఉంటే అట్లా కట్టు," అని ఆఫీసరు గొంతు తెచ్చుకున్నాను. ఆ ద్వారం గుండ్రంగా రావడానికి మూడుసార్లు కూల్చి కట్టాడు. ఒక్కసారి విసుక్కోలేదు. విసుక్కున్నది నేను. బాట దగ్గర కూడా అంతే. ముప్పై అడుగుల జాగాలో అతను అలవాటు కొద్దీ దారం కట్టి తిన్నగా రాళ్లు పరిచాడు. పీకించాను. సర్వే గొలుసు పట్టి ఊళ్లకు ఊళ్లు నిటారుగా హద్దులు గీయించిన దాన్ని, నాకోసం ఒక్క వంకర బాట వేయించుకోలేనా అని రోషం. "వంకరేస్తె మేస్త్రీకి పని రాదంటరు మేడం," అని నీలా మెల్లిగా అంది. అయినా వేశారు, మూడు మలుపులతో.

ఇక రాయి. అది లేకపోతే ఆ తోటకు ప్రాణం లేదు. మంచి రాయికి నాలుగు లక్షణాలు చెబుతారు వాళ్లు. బక్కగా ఉండాలి, ముడతలు పడి ఉండాలి, పైన పోసిన నీళ్లు కిందికి కారాలి, ఇటు నుంచి అటు ఆరపార కనబడాలి. నీళ్లు వందల ఏళ్లు తొలిచిన సున్నపురాయి అన్నమాట. అలాంటిదాని కోసం మిర్యాలగూడ, హాలియా తిరిగాను. దొరికినవి సిమెంటు కొంగలు, సిమెంటు ఏనుగులు. విసిగి వచ్చి మెట్టు మీద కూలబడితే రూప్లా నా ఫోన్లోకి తొంగిచూశాడు.

"గిది పుచ్చు రాయి గద మేడం. బండలు కొట్టెటోళ్లు పారేస్తరు గిసొంటివి. మా చెల్కల మస్తున్నయ్."

ఏ ఊరు అని అడగబోయి ఆపుకున్నాను. ఊరు అడిగితే సర్వే నంబరు వస్తుంది, సర్వే నంబరు వెనకే ఒక గోడు వస్తుంది. నాకొద్దు. తెప్పించు అన్నాను.

ట్రాక్టరు మీద వచ్చింది. ఐదడుగుల ఎత్తు, ఒళ్లంతా చిల్లులు, ముడతలు. చైన్ పుల్లీ పెట్టి కొలను పక్కన దింపారు. ఒక చిల్లులోంచి చూస్తే పక్కింటి వేపచెట్టు కొన కనబడింది. ఇంకో దాంట్లోంచి దూరంగా రైస్‌మిల్లు పొగగొట్టం. నా అరువు చూపు. చాలా రోజుల తర్వాత ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాను.

మర్నాడు కంటి పరీక్షకని సూర్యాపేట వెళ్లి, మా చెల్లెలింట్లో రెండ్రోజులు ఉండి వచ్చాను. వచ్చేసరికి రాయికి ఒక్క చిల్లు లేదు. ప్రతి చిల్లూ సిమెంటుతో పూడ్చి, రాతి రంగుకు తగ్గట్టు బూడిద కలిపి, తాపీతో నున్నగా రుద్ది పెట్టారు. పని మాత్రం అద్భుతంగా ఉంది. ఏది రాయో ఏది సిమెంటో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవడు చేయమన్నాడు నిన్ను?" అన్నాను. ఆ గొంతు నాకు తెలుసు. ఆఫీసులో బంట్రోతుల మీద వాడిన గొంతు. రిటైరైనా పోలేదు.

రూప్లా లేచి నిలబడ్డాడు. "పుచ్చు రాయి మేడం. అండ్ల పాములు సొర్తయ్. ఉండే ఇంట్ల గిసొంటిది ఉండొద్దని నింపినం."

"చిల్లులున్నాయనే కదయ్యా తెప్పించింది! చిల్లులే దాని విలువ. బుద్ధి ఉండక్కర్లేదా?"

అతను చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. నీలా లంబాడీలో ఏదో అంది, వద్దన్నట్టుగా. అతను వినలేదు. గొంతు పెంచకుండానే అన్నాడు.

"మీరే రాసిన్రు గద మేడం, గీ రాళ్లున్న జాగ దేనికీ పనికిరాదని. మీ ఇంటికి పనికొచ్చేటట్టు జేద్దమని నింపిన."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను చెబుతూ పోయాడు. ఎనిమిదేళ్ల కింద రికార్డులు సరిచేసే టైంలో నా జీపు వాళ్ల చెల్క పక్క బాట మీద ఆగిందట. అతను లోపల ఆముదాలు కోస్తున్నాడట. జీపు చూసి చెయ్యెత్తి అరిచాడట. నేను అద్దం దించి రాళ్ల వైపు చూసి, ఏదో రాసుకుని, అద్దం ఎత్తేశానట. ఆ తర్వాత అందరికీ పాసుబుక్కులు వచ్చాయి, అతనికి రాలేదు. అడిగితే రికార్డు తీసి చదివి వినిపించారట. రాళ్ల గుట్ట, సాగులో లేదు.

"బాట మీదికెళ్లి జూస్తె రాళ్లే కనవడ్తయ్ మేడం. రాళ్లు సుట్టు తిరిగి లోపల్కి పోతెనే మట్టి. మా నాయిన కాలం నుంచి దున్నుతున్నం. మీరు దిగలే."

ఆ మండలం నాకు గుర్తుంది. పదకొండు ఊళ్లు, పంతొమ్మిది రోజులు. పైనుంచి రోజూ ఫోన్లు, ఎన్ని అయ్యాయి, ఎన్ని మిగిలాయి అని. కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు. రూప్లా మాత్రం నాకు గుర్తులేడు. చెయ్యెత్తిన మనిషి ఎవరూ గుర్తులేరు.

"మొదటిరోజే గుర్తుపట్టావు కదా. అప్పుడే ఎందుకు అడగలేదు?"

"పని మొదట్లనె అడిగితె బెదిరించినట్టుంటది. పని అయినంక అడుగుదమనుకున్న," అన్నాడు. అప్పుడే ఆ కాగితం అడిగాడు. పదకొండున విచారణ, ఆ రోజు మీరు చెల్క చూడలేదని రాసిస్తే చాలు అన్నాడు. నేను చూస్తాలే అన్నాను. ముప్పై నాలుగేళ్లలో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే.

తర్వాత నాలుగు రోజులు అతను ఉలీ సుత్తీ పట్టుకుని తను నింపిన సిమెంటు తనే తొలిచాడు. ఒక్కో చిల్లు, అంచులు పగలకుండా. నేను వంటింట్లో ఉండి టక్‌టక్ వింటూ గడిపాను.

"రాసిస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నారు మా ఆయన. "తప్పుడు తనిఖీ చేశానని నీ చేత్తో నువ్వే ఒప్పుకున్నట్టు. ఈ వయసులో ఎంక్వైరీల చుట్టూ తిరుగుతావా? అందరూ అట్లాగే చేశారు. నువ్వొక్కదానివే ఎందుకు తల దూర్చడం?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అందుకే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయితోనే పది రోజులు గడిపాను. పని పూర్తయింది, రూప్లా నీలా వెళ్లిపోయారు, మళ్లీ అడగలేదు. నేను రోజూ మధ్యాహ్నం మండపంలో కూర్చున్నాను. అంతా నేను కోరుకున్నట్టే ఉంది. గోడ మీద వెదురు నీడ పడుతోంది. అరటి నాలుగు ఆకులు వేసింది, ఒకరోజు వాన కూడా పడింది, చప్పుడు విన్నాను. గుండ్రటి ద్వారంలోంచి చూస్తే రాయి ఒక్కటే కనబడుతుంది, దాని వెనక కొలను కనబడదు. దగ్గరికి వచ్చి రాయి చుట్టూ తిరిగితేనే నీళ్లు కనబడతాయి. అలా ఉండాలనే కదా అంత రభస చేసి కట్టించాను. రాయి వెనక ఏముందో నడిచి వచ్చి చూడమని చైనా వాళ్లు అన్నందుకు ఆరు నెలలు మురిసిపోయాను. రూప్లా చెల్క కూడా అలాగే ఉంది, రాళ్ల వెనక మట్టితో. అక్కడ మాత్రం నాకు నడవడానికి తీరిక లేకపోయింది.

సిగ్గేసింది. పెద్దగా ఏడవలేదు, ఏమీ లేదు. ఒట్టి సిగ్గు. చెప్పులో రాయి ఉన్నట్టు, కూర్చున్నా పోలేదు.

పదహారో రోజు తెల్ల కాగితం తీసి రాశాను. నీట్‌గా, పేజీ నిండా. రూప్లాకు ఫోన్ చేస్తే ఇద్దరూ వచ్చారు. అతనికి చదువు రాదు, చదివి వినిపించమన్నాడు. చదివాను. "కాలాభావం మరియు సిబ్బంది కొరత కారణంగా సదరు సర్వే నంబరునందు క్షేత్రస్థాయి పరిశీలన సమగ్రముగా జరిగియుండకపోవచ్చునని, కావున పునఃపరిశీలన జరిపించుట సమంజసమని..."

రూప్లా తలూపాడు, మర్యాదకు. నీలా ఊపలేదు.

"ఏమన్నట్టు మేడం గది? మీరు సూసినట్టా, సూడనట్టా?"

"అంటే... పూర్తిగా చూసి ఉండకపోవచ్చు అని."

"జర సూసిన్రా?"

"అది ఆఫీసు భాషమ్మా, అట్లాగే రాయాలి."

"మరి ఆఫీసు బాసల మా చెల్క ఉన్నట్టా, లేనట్టా?"

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. మొదటిసారి ఆమె మొహం సరిగ్గా చూశాను. రెండు నెలలు నా పెరట్లో ఇసుక జల్లించిన మనిషి.

కాగితం చింపేశాను. ఇంకోటి తీసుకున్నాను. దాని మీద రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. పూర్తి చేసి పైకి చదివాను.

"ఆ రోజు నేను జీపు దిగలేదు. రూప్లా చెల్క చూడలేదు. చూసినట్టు రాసి సంతకం పెట్టాను. అది తప్పు."

"ఇంకోపాలి సదువుండ్రి మేడం," అంది నీలా. మళ్లీ చదివాను. రూప్లా రాయి వైపు తిరిగి నిలబడ్డాడు. సంతకం పెట్టి ఇచ్చాను. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టకుండా, నలగకుండా, నీలా చేతిలోని కవర్లో పెట్టాడు.

పదకొండున నేనూ హుజూర్‌నగర్ వెళ్లాను. విచారణ చేసే ఆఫీసరు చిన్నవాడు, మా చెల్లెలి కొడుకు వయసు. కాగితం రెండుసార్లు చదివి, "మేడం, ఇది నిజంగా రికార్డులో పెట్టమంటారా?" అని మెల్లిగా అడిగాడు. పెట్టమన్నాను. నా మీద ఏం వస్తుందో ఇంకా తెలియదు, నోటీసు వస్తే తీసుకుంటాను. ఆ మరుసటి వారం ఆ ఆఫీసరు చెల్కకు వెళ్లాడు. సాయంత్రం రూప్లా ఫోన్ చేసి, "లోపల్కొచ్చి మట్టి పట్టి సూసిండు మేడం. మా ఆముదం కొయ్యకాళ్లు గూడ ఫోటో దీసుకున్నడు," అన్నాడు. పాసుబుక్కు ఇంకా రాలేదు. వస్తుందనే అనుకుంటున్నాను. మర్నాడు మధ్యాహ్నం మండపంలో కూర్చున్న దాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను, మా ఆయన వచ్చి లేపేదాకా.

నాలుగు రోజుల తర్వాత ఒక పొద్దున కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చేసరికి గుండ్రటి ద్వారం దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. ముందు ఒక ముసలామె, వెనక ఇద్దరు మగవాళ్లు. ముగ్గురి చేతుల్లోనూ కవర్లు. లోపలికి అడుగు పెట్టకుండా, ద్వారం అవతలే ఆగారు.

"రూప్లాకు రాసిచ్చిన్రంట గద మేడం," అంది ముసలామె. పేరు ఐలమ్మ అని చెప్పింది. వెనకున్న వాళ్లు ఫకీరా, ద్వాళి. ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు. మూడూ నేను అప్పుడు రాసిన ఆ పదకొండు ఊళ్లలోవే.

రండి అన్నాను. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వంకర బాట మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చారు. మండపంలో కూర్చోమంటే మెట్టు మీద కూర్చున్నారు. ఐలమ్మ కవరు ముడి విప్పబోయి ఆగి, నా మొహంలోకి చూసింది.

"మా ఊర్ల దిగిన్రా మేడం మీరు?"

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. ఏ ఊళ్లో దిగానో, ఏ ఊళ్లో అద్దం దించి చూసి వెళ్లిపోయానో. ఒక్క ఊరి మొహమూ కళ్ల ముందుకు రాలేదు.

"గుర్తులేదమ్మా," అన్నాను.

ఐలమ్మ ముడి విప్పి, మొదటి కాగితం తీసి నా చేతికిచ్చింది.